పిడుదులు కుక్క మీద కాదు, గోడలో ఉన్నాయి

మా రాజుగాడు వీధిలో దొరికిన కుక్క. పోయిన వానాకాలం రోజూ సాయంత్రం వాడి చెవుల్లోంచి, కాలివేళ్ల సందుల్లోంచి పిడుదులు ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వేసేవాణ్ణి. మర్నాటికి మళ్లీ అన్నీ ఉండేవి. షాంపూ మార్చాను, వేపనూనె రాశాను, లాభం లేదు.

ఓ రోజు పెరుగన్నం కూడా ముట్టలేదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయి. టిక్ ఫీవర్, అంటే పిడుదుల కాటుతో వచ్చే జబ్బు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు, అన్నం తిన్నాకే. నాలుగో రోజుకే తోక ఊపాడు, అయినా కోర్సు ఆపలేదు.

"వాడు పడుకునే చోట గోడ చూశారా?" అంది డాక్టరమ్మ. టార్చి వేస్తే మెట్ల కింద పెచ్చులూడిన గోడ పగుళ్లలో బారులు! ఆడ పిడుదు రక్తం తాగి రాలిపోయి, అలాంటి సందుల్లోనే వేలల్లో గుడ్లు పెడుతుందట. నేను ఏరింది పైపైనే అన్నమాట.

పగుళ్లు సిమెంటుతో పూడ్పించాను. పాత గోనెపట్టా కాల్చేశాను. ఆవిడ రాసిన మందు గోడకు, నేలకు కొట్టి, ఆరేదాకా వాణ్ణి మేడమీద కట్టేశాను. గుడ్లు పగిలి కొత్తవి వస్తాయి కదా, అందుకని పదిహేను రోజులకి మళ్లీ కొట్టాను. వాడికేమో బరువు తూచి నెలనెలా నమిలే మాత్ర.

మూడో నెలకి డబ్బా ఖాళీ. సాయంత్రమైతే మాత్రం వాడే వచ్చి, చెవులు చూడమని తల ఒళ్లో పెడతాడు.