షీల్డెడ్ కేబుల్ కొనడానికి వెళ్తే జేబులో బ్లేడు, అయస్కాంతం ఉండాలి

మా ల్యాబ్‌లో ప్రాజెక్టులు చేసే పిల్లలు నా దగ్గరికొచ్చి అడిగే మొదటి ప్రశ్న, "సార్, నాయిస్ రాకుండా ఏ కేబుల్ కొనమంటారు?" అని. నాయిస్ అంటే సిగ్నల్‌లో కలిసే అనవసరపు విద్యుత్ అలజడి. నేను తిరిగి అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే: "అవతలి కొసకు ఏం తగిలిస్తున్నావు?" అది తెలియకుండా కేబుల్ పేరు చెప్పడం కుదరదు. లోడ్ సెల్‌కు (బరువు కొలిచే సెన్సర్) బ్రహ్మాండంగా పనిచేసేది పీహెచ్ ఎలక్ట్రోడ్‌కు (ద్రవం ఆమ్లమో క్షారమో కొలిచేది) పనికిరాదు. పీహెచ్ ఎలక్ట్రోడ్‌కు కొనే కేబుల్ లోడ్ సెల్‌కు వాడితే డబ్బు దండగ.

లోడ్ సెల్ సంగతే ముందు చూద్దాం, ఎక్కువమంది చేసేది అదే. మామూలు లోడ్ సెల్ 350 ఓమ్‌ల బ్రిడ్జి (నాలుగు రెసిస్టర్ల వలయం). వోల్టుకు 2 మిల్లీవోల్టుల రకం అయితే, 5 వోల్టులిస్తే పూర్తి బరువుకు వచ్చేది 10 మిల్లీవోల్టులు. అంటే పది కిలోల సెల్‌లో ఒక గ్రాము విలువ ఒక్క మైక్రోవోల్టు. అంత చిన్న సిగ్నల్ కదా అని ఖరీదైన కోయాక్సియల్ కేబుల్ (మధ్యలో ఒక తీగ, చుట్టూ ఇన్సులేషన్, ఆ పైన లోహపు అల్లిక) వెతుకుతారు. కానీ సోర్స్ ఓమ్‌లు (సెన్సర్ సొంత నిరోధం) తక్కువగా ఉన్నప్పుడు అసలు బెడద పక్కనే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, మోటారుల అయస్కాంత క్షేత్రం. 50 హెర్ట్జ్ దగ్గర దాన్ని షీల్డ్‌గా, అంటే తీగ చుట్టూ కవచంలా ఉండే రాగి అల్లిక ఆపలేదు. 9 మిల్లీమీటర్ల మందం రాగి అడ్డం పెట్టినా మూడో వంతుకు పైగా లోపలికి దూరుతుంది. దాన్ని ఆపేది మెలిక. రెండు తీగలూ దగ్గరగా మెలేసి ఉంటే రెండింటిలోనూ ఒకే హమ్ (50 హెర్ట్జ్ గోల) చేరి, తేడాను కొలిచే ఆంప్లిఫయర్ దగ్గర చాలావరకు కొట్టుకుపోతుంది.

కాబట్టి ఇక్కడ సిగ్నల్‌కు కావలసింది ట్విస్టెడ్ పెయిర్ (మెలేసిన తీగల జత), పైన అల్యూమినియం ఫాయిల్, దాన్ని ఆనుకుని ఒక డ్రెయిన్ వైర్ (ఫాయిల్‌ను గ్రౌండ్‌కు కలిపే ఒట్టి తీగ). ఇన్‌స్ట్రుమెంటేషన్ కేబుల్ అని అడిగితే ఇస్తారు. బెల్డెన్ 8761 ఈ రకానికి పేరున్న నమూనా. దాని డేటాషీట్ చూసి, అదే నిర్మాణం ఉన్న మన దేశపు కేబుల్ కొనుక్కోవచ్చు. అంతకంటే చౌకగా కావాలంటే ఫాయిల్ ఉన్న నెట్‌వర్క్ కేబుల్ తీసుకోండి. నాలుగు మెలేసిన జతలు అందులోనే ఉంటాయి. ఎక్సైటేషన్‌కు (సెల్‌కు ఇచ్చే వోల్టేజీకి) ఒక జత, సిగ్నల్‌కు ఒక జత. ఇక్కడ జాగ్రత్త: సిగ్నల్ ప్లస్ నారింజ జతలోంచి, మైనస్ నీలం జతలోంచి తీస్తే మెలిక పెట్టిన ప్రయోజనమంతా పోతుంది. గోడల్లోకి వేసే నెట్‌వర్క్ కేబుల్‌లో ఒంటి తీగ ఉంటుంది, పదే పదే వంచితే విరుగుతుంది. కదిలే చోటైతే షీల్డ్ ఉన్న రెడీమేడ్ ప్యాచ్ కార్డ్ కొని, చివరలు కోసి వాడండి. అందులో సన్న పోగుల తీగ ఉంటుంది. సౌండ్ సిస్టమ్ షాపుల్లో అమ్మే రెండు కోర్ల మైక్ కేబుల్ కూడా సిగ్నల్ జతకు చక్కగా సరిపోతుంది, మెత్తగా ఉంటుంది కూడా.

ఇక రెండో రకం: ఫొటోడయోడ్ (వెలుతురు సెన్సర్), పీజో (ఒత్తిడికి, కంపనకు స్పందించే సెన్సర్), పీహెచ్ ఎలక్ట్రోడ్. వీటికి సోర్స్ ఓమ్‌లు మెగాల్లో ఉంటాయి. కోయాక్సియల్ అవసరం ఇక్కడ. అందులో మొదట చూడాల్సింది మీటరుకు ఎన్ని పికోఫారడ్లు, అంటే ఎంత కెపాసిటెన్స్ అన్నది. కోయాక్సియల్‌లో ఆర్‌జీ-58 రకమైనా ఆర్‌జీ-174 రకమైనా మీటరుకు సుమారు 100. రెండు మీటర్లకు 200 పికోఫారడ్లు. సోర్స్ ఒక మెగా ఓమ్ అయితే 800 హెర్ట్జ్ దగ్గరే సిగ్నల్ పడిపోవడం మొదలవుతుంది, పది మెగా అయితే 80 దగ్గరే. ఫొటోడయోడ్ ఆంప్లిఫయర్‌లో ఈ కెపాసిటెన్స్ నాయిస్‌ను కూడా పెంచుతుంది. పీహెచ్ ఎలక్ట్రోడ్ నెమ్మదైన సిగ్నల్ కనుక దానికి ఈ బాధ లేదు, దాని బాధ లీకేజీ, అంటే ఇన్సులేషన్ గుండా సిగ్నల్ కారిపోవడం. ఎలక్ట్రోడ్ వంద మెగా ఓమ్‌లు అనుకుంటే, కేబుల్ ఇన్సులేషన్ పది గిగా ఓమ్‌లున్నా ఒక శాతం తప్పు వచ్చేస్తుంది. అందుకే లోపలి ఇన్సులేషన్ పాలిథిన్‌దో టెఫ్లాన్‌దో ఉండాలి, పీవీసీ వద్దు. నన్నడిగితే వీటన్నిటికంటే చౌకైన ఉపాయం, చిన్న ఆప్‌ఆంప్ బఫర్‌ను (ఎక్కువ ఓమ్‌ల సిగ్నల్‌ను తక్కువ ఓమ్‌లదిగా మార్చే చిప్) సెన్సర్ పక్కనే పెట్టేయడం. ఆ తర్వాత మామూలు కేబుల్ వేసినా నడుస్తుంది.

మెగా ఓమ్‌ల దగ్గర ఇంకో తంటా ఉంది. కేబుల్ కదిలినా, దాని మీద తట్టినా స్కోప్ (ఆసిల్లోస్కోప్) మీద గీత ఎగురుతుంది. లోపల ఇన్సులేషన్, అల్లిక రాసుకుని ఛార్జ్ పుడుతుంది. దీనికని ప్రత్యేకంగా గ్రాఫైట్ పూత ఉన్న లో-నాయిస్ కేబుళ్లు దొరుకుతాయి, ధర మాత్రం దడ పుట్టిస్తుంది. గిటార్‌కు వాడే కేబుల్ చూడండి. మంచి రకాల్లో ఇన్సులేషన్ మీద నల్లటి పొర ఒకటి ఉంటుంది, అది కరెంటు ప్రవహించే ప్లాస్టిక్. దాదాపు అదే పని చేస్తుంది. సోల్డర్ చేసేటప్పుడు మాత్రం ఆ నల్ల పొరను గోటితో పట్టి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి ఒలిచేయాలి. లేకపోతే అది కోర్‌కు తగిలి, సిగ్నల్ మెల్లగా షీల్డ్‌లోకి కారిపోతుంది. చూస్తే మామూలు ఇన్సులేషన్‌లాగే కనిపిస్తుంది కాబట్టి తప్పు ఎక్కడుందో ఓ పట్టాన దొరకదు.

షాపు దగ్గరకు వద్దాం. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు కోఠిలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. ఏ ఊళ్లోనైనా పద్ధతి ఒకటే: కట్ట కొనకండి, ముందు ఒక మీటరు కోయించుకుని అక్కడే ఒలిచి చూడండి. "సార్, ఫుల్ కాపర్" అనే మాటకు విలువ బ్లేడు పెట్టాకే. మధ్య తీగకు అయస్కాంతం అంటుకుంటే అది రాగి పూత పూసిన ఇనుము, టీవీకి వేసే ఆర్‌జీ-6లో చాలావరకు అదే. బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తే రాగి పూత అల్యూమినియం. ఆర్‌జీ-6 మీద ఉండే అల్లిక కూడా సాధారణంగా అల్యూమినియమే, మామూలు సోల్డర్ దానికి పట్టదు. బెంచి మీద కొలతలకు దాన్ని కొనొద్దు. అల్లిక సందుల్లోంచి తెల్ల ఇన్సులేషన్ ఎంత కనిపిస్తోందో చూడండి. మంచి ఆర్‌జీ-58లో తగరం పూసిన రాగి అల్లిక 95 శాతం దాకా కప్పేస్తుంది. సీసీటీవీకి అమ్మే 3+1 కేబుళ్లలో (ఒక కోయాక్సియల్, పక్కన మూడు మామూలు తీగలు) చవక రకాలు తీస్తే అల్లిక అక్కడొక పోగు, ఇక్కడొక పోగు.

బిగించేటప్పుడు షీల్డ్‌ను ఒలిచి వదిలేసే పొడవు సెంటీమీటరు, మహా అయితే రెండు. తక్కువ ఫ్రీక్వెన్సీ పనుల్లో ట్విస్టెడ్ పెయిర్ షీల్డ్‌ను కొలిచే పరికరం వైపు మాత్రమే గ్రౌండ్ చేయండి, సెన్సర్ వైపు టేపు చుట్టి వదిలేయండి. స్కోప్‌కు ఉండే బీఎన్‌సీ (కోయాక్సియల్ కనెక్టర్) బయటి లోహం మెయిన్స్ ఎర్త్‌కు కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి. సర్క్యూట్‌కు అవతల ఇంకో ఎర్త్ తగిలిందంటే లూప్ ఏర్పడి హమ్ వస్తుంది. దానికి కేబుల్‌ను తిట్టి లాభం లేదు.

తప్పు కేబుల్‌దా కాదా అని తేల్చుకోవడానికి సెన్సర్ తీసేసి దాని స్థానంలో అంతే విలువ ఉన్న రెసిస్టర్ పెట్టండి, లోడ్ సెల్‌కైతే 350 ఓమ్‌లకు దగ్గర్లో ఒకే విలువవి నాలుగు, బ్రిడ్జిలాగే కలిపి. రీడింగ్ ఎంత ఊగుతోందో రాసుకోండి. తర్వాత కేబుల్ కూడా తీసేసి అదే రెసిస్టర్‌ను నేరుగా ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు పెట్టండి. రెండింటి మధ్య తేడా ఎంతో, మంచి కేబుల్ కొంటే తగ్గేది అంతవరకే. తేడా లేకపోతే ఆ డబ్బు ఆంప్లిఫయర్ మీద, పవర్ సప్లై మీద పెట్టండి.

కోయాక్సియల్‌కు కనెక్టర్లు కేబుల్ సైజుకు తగ్గవే తీసుకోవాలి. ఆర్‌జీ-58కి నొక్కి బిగించే (క్రింప్) బీఎన్‌సీ సన్నటి ఆర్‌జీ-174 మీద నిలవదు. క్రింపింగ్ టూల్ లేనివాళ్లు రెండు వైపులా బీఎన్‌సీ ఉన్న రెడీమేడ్ ఆర్‌జీ-58 లీడ్ ఒకటి కొని మధ్యకు కోసేస్తే రెండు లీడ్లు అవుతాయి.