చలికాలంలో నీలి తొట్టిలో నూలు ముంచే ముందు జాగ్రత్తలు

ముందు తొట్టి (నీలిమందు పులియబెట్టి నూలుకు రంగు వేసేది) వేడి కొలవండి. 25–30 డిగ్రీలు ఉండాలి. 20 కంటే తగ్గితే పులియడం మందగించి రంగు సరిగా పట్టదు. రాత్రిళ్లు గోనెపట్టాలు కప్పండి.

సున్నం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. చలికి పులియడంలో పులుపు తక్కువ పుడుతుంది, దాన్ని విరవడానికి వేసిన సున్నం అలాగే మిగిలిపోతుంది. పీహెచ్ (పులుపు–క్షారాల కొలత) 10–10.5 ఉంటే సున్నం జోలికి పోవద్దు. 11 దాటితే పులియడం ఆగిపోవచ్చు.

పైన రాగిరంగు తెట్టు, కింద పసుపుపచ్చ నీరు కనిపిస్తేనే ముంచండి. నీరు నీలంగా ఉంటే ఆగాల్సిందే.

చిలపలను (నూలు కట్టలను) గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండాకే దించండి. చన్నీళ్ల నూలు తొట్టిని చల్లారుస్తుంది.

పొద్దున్నే ముంచితే మంచు పడేలోపు ఆరతాయి. చెమ్మ ఉండగా మూట కడితే బూజు ఖాయం. ఆర్డర్ల గడువు రెండు రోజులు ఎక్కువే చెప్పండి.