సీపీయూ పెట్టె తెరిచే ముందు

విజయవాడ మే ఎండకు గదిలోనే 40 డిగ్రీలుంటే, ఫ్యాన్ కూలర్ ప్రాసెసర్ వేడిని అంతకంటే కిందికి దించజాలదు. దుమ్ము దులిపే పని ఉగాదికే ముగించడం మేలు.

• ప్రాసెసర్‌కూ, దాని మీద కూర్చునే హీట్‌సింకు అనే లోహపు దిమ్మకూ మధ్య వేడి దాటడానికి పూసే థర్మల్ పేస్టు, పాతదైతే ఎండి బంకలా పట్టేసి ఉంటుంది. ముందు పది నిమిషాలు కంప్యూటర్ నడిపి వెచ్చబడనివ్వండి. ఆపాక హీట్‌సింకును అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. నిటారుగా లాగితే, ఏఎం4 రకం (ఏఎండీ ప్రాసెసర్లు పెట్టే) బోర్డుల్లో ప్రాసెసర్ కూడా ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. నాకు ఒకసారి అయింది, సూదితో సరిచేయడానికి రాత్రంతా పట్టింది.

• విప్పేముందు ప్లగ్ తీసి, పవర్ బటన్ నొక్కి వదలండి.

• బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపండి.

• కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు. ఆవకాయ పట్టించినట్టు పట్టించకండి!

• మూత పెట్టేముందు ఫ్యాన్ తీగ బోర్డుకు గుచ్చారా?