పళ్ళ డాక్టరంటే భయపడేవాళ్ళు కుర్చీ దాకా వెళ్ళేదెలా?

కడప వైపు చాలా ఇళ్ళల్లో పంటి నొప్పిది ఒకటే వరస. మొదట లవంగం, తర్వాత లవంగ నూనె, ఆపైన మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర. దవడ వాచి ముద్ద దిగనప్పుడు ఆటో. డబ్బు, తీరిక లేకపోవడం కొంత కారణమే. కానీ రెండూ ఉన్నవాళ్ళు కూడా ఇట్లే చేస్తారు. భయమని మాత్రం చెప్పరు, "ఇప్పుడు తగ్గిందిలే" అంటారు.

చిక్కేమిటంటే, చీము పట్టి వాచిన చోట ఆమ్ల గుణం పెరిగి మత్తు మందు సరిగా పనిచేయదు. అందుకే భయపడి చివరిదాకా ఆగినవాళ్ళకే నొప్పి ఎక్కువ తెలుస్తుంది. అనుకున్నంతా అయిందని మళ్ళీ ఏళ్ళ తరబడి అటు తొంగి చూడరు. భయం, తప్పించుకోవడం, పళ్ళు మరింత పాడవడం, నోరు చూపించడానికి సిగ్గు, దాంతో ఇంకా భయం. స్వీడన్ దంత వైద్యుడు ఉల్ఫ్ బెర్గ్రెన్ 1984లో వివరించిన చక్రం ఇదే. దీన్ని దాటాలంటే గుండె ధైర్యం కావాలంటారు. నా లెక్కలో ముందుగా చేసుకునే ఏర్పాట్లే ఎక్కువ పనికొస్తాయి.

1. భయాన్ని కొలవండి

1995లో గెర్రీ హంఫ్రిస్ బృందం తెచ్చిన ఐదు ప్రశ్నల కొలత ఒకటుంది. రేపు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే, వెయిటింగ్ హాల్లో కూర్చుంటే, పన్ను మీద డ్రిల్ పెడుతుంటే, పళ్ళ మీది గార తీస్తుంటే, చిగురుకు మత్తు సూది వేస్తుంటే మీకు ఎంత టెన్షన్? ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేసుకోండి. మొత్తం 19 గానీ అంతకు మించి గానీ వస్తే భయం బాగా ఎక్కువని అర్థం. మొత్తం కంటే ఏ ప్రశ్నకు ఎక్కువ పడిందో చూడటం ముఖ్యం. సూదికి జంకేవాళ్ళకు, ఆ డ్రిల్ మోతకు జంకేవాళ్ళకు ఒకే ఉపాయం చెల్లదు.

కొందరి భయం విన్నమాటల వల్ల. "పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయి" అన్నది మన పల్లెల్లో ఇంకా గట్టిగా ఉంది. చూపునిచ్చే నరం వేరు, పంటికి వెళ్ళే నరం వేరు. పన్ను తీస్తే చూపు పోదు. పై పంటి చీమును పట్టించుకోకపోతేనే, అరుదుగానైనా, అది కంటి చుట్టూ పాకే ప్రమాదం ఉంది.

2. మొదటిసారి చూపించుకోవడానికే వెళ్ళండి

నొప్పి లేని రోజు, పొద్దున పూట వెళ్ళండి. కుర్చీలో కూర్చోవడం, నోరు తెరవడం, అవసరమైతే ఎక్స్‌రే, అంతే. వైద్యం ఇంకో రోజు. ఓపీలో సిగ్గుపడకుండా ఈ మాట చెప్పండి: "సార్, నాకు సూదంటే చానా భయం. ఈరోజు చూసి ఏం చేయాలో చెప్పండి, చాలు. చేయించుకోవడానికి మళ్ళీ వస్తా." ఖర్చెంత, ఎన్నిసార్లు రావాలి అన్నవి కూడా అప్పుడే అడగండి. బిల్లు తెలియకపోవడమూ భయంలో భాగమే.

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇలాంటి చోట్ల విద్యార్థులు, హౌస్ సర్జన్లు పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు. పని నెమ్మదిగా సాగుతుందని చాలామంది విసుక్కుంటారు. భయపడేవాళ్ళకు ఆ నెమ్మదే మంచిదని నాకనిపిస్తుంది. కాకపోతే పెద్ద హాల్లో కుర్చీలు వరసగా ఉంటే పక్కవాళ్ళ మూలుగు వినిపిస్తుంది. శబ్దమే మీ బాధైతే ఒకే కుర్చీ ఉన్న చిన్న క్లినిక్ మేలు.

తోడు ఒక్కరు చాలు. మనవైపు నలుగురు బయల్దేరి, దారిపొడవునా "మా బావకు పీకితే రెండ్రోజులు రక్తం ఆగలేదంట" అని చెబుతూ ఉంటారు. మాట్లాడకుండా కూర్చోగలిగే మనిషిని వెంట తీసుకెళ్ళండి.

3. చెయ్యెత్తితే ఆపాలని ఒప్పందం చేసుకోండి

అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. "నేను ఎడమ చెయ్యి ఎత్తితే ఆపండి" అని పని మొదలుకాక ముందే చెప్పండి. డాక్టర్లు ఎక్కువగా మన కుడి వైపు ఉంటారు కాబట్టి ఎడమ చెయ్యి అయితే పరికరాలకు అడ్డం రాదు. మొదటి రెండు నిమిషాల్లోనే, నొప్పి లేకపోయినా, ఒకసారి ఎత్తి చూడండి. నిజంగా ఆపారని కళ్ళారా చూశాక ఒళ్ళు దానంతటదే వదులవుతుంది. ఆపగలమన్న నమ్మకం కుదిరినవాళ్ళకు ఆపాల్సిన అవసరం తక్కువ వస్తుంది.

ప్రతిదీ చెప్పి చేయమనాలా, వద్దా అన్నది మీ ఇష్టం. వివరాలు వింటే కొందరికి నెమ్మది, కొందరికి వణుకు. మీరు ఎవరో మీకే తెలుసు.

4. ఖాళీ కడుపుతో పోకండి

పూర్తి మత్తు ఇస్తామని, తినొద్దని డాక్టరు చెబితే తప్ప టిఫిన్ తినే వెళ్ళండి. కడప ఎండల్లో నీళ్ళు కూడా తాగకుండా వచ్చి, క్యూలో నిలబడి కళ్ళు తిరిగితే ఆ నేరం సూది మీద పడుతుంది. బీపీ, షుగర్ మాత్రలు ఎప్పటిలాగే వేసుకోండి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు.

రక్తం, సూది చూస్తే నిజంగానే పడిపోయేవాళ్ళున్నారు. వాళ్ళకు బీపీ ఉన్నట్టుండి పడిపోతుంది. వీళ్ళకు "ఒళ్ళు వదులు చేయి" అనే సలహా పనికిరాదు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్-గోరన్ ఓస్ట్ 1980లలో నేర్పిన పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది. కూర్చుని చేతులు, తొడలు, పొట్ట కండరాలను 10 నుంచి 15 సెకన్లు గట్టిగా బిగించాలి. ముఖం వెచ్చబడ్డాక వదలాలి. 20, 30 సెకన్లు ఆగి మళ్ళీ, ఇట్లా ఐదుసార్లు. వారం ముందు నుంచీ ఇంట్లో అలవాటు చేసుకోండి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే డాక్టరును అడిగాకే చేయండి.

5. సూది వేసేటప్పుడు

ముందు చిగురుకు మత్తు జెల్ గానీ స్ప్రే గానీ వేయమని, మందును నెమ్మదిగా ఎక్కించమని అడగండి. ఆ మందులో ఎక్కువగా అడ్రినలిన్ కూడా కలిసి ఉంటుంది. కొందరికి కాసేపు గుండె దడదడలాడుతుంది. "మందు పడలేదు" అని హడలిపోతారు. డాక్టరుకు చెప్పండి, మామూలుగా కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది.

మత్తు నొప్పిని ఆపుతుంది గానీ ఒత్తిడిని ఆపదు. పన్ను పీకేటప్పుడు నెట్టడం, లాగడం, ఒక్కోసారి టక్కుమన్న చప్పుడు తెలుస్తాయి. ఇది ముందే తెలియకపోతే వాటినే నొప్పి అనుకుని బిగుసుకుపోతాం. నిజంగా నొప్పి అనిపిస్తే మాత్రం చెయ్యెత్తండి, ఇంకొంచెం మత్తు అడగండి. ఓర్చుకుంటే ఎవరూ మెచ్చుకోరు.

6. పిల్లలుంటే

"అల్లరి చేస్తే సూది వేయిస్తా" అనడం ఈరోజే మానేయండి. వాళ్ళకు చెప్పి, చూపించి, ఆ తర్వాతే చేసే పద్ధతిని 1959 నుంచీ పిల్లల దంత వైద్యంలో నేర్పుతున్నారు. అట్లా చేసే డాక్టరును వెతకండి. మత్తు దిగేదాకా పిల్లలు పెదవి కొరుక్కోకుండా చూసుకోండి.

7. లేచి వచ్చే ముందు

1996లో రెడెల్‌మైయర్, కానెమన్ అనే పరిశోధకులు పేగుల పరీక్ష చేయించుకున్నవారిని గమనించారు. ఎంతసేపు బాధపడ్డారన్నది జ్ఞాపకంలో పెద్దగా లేదు. అన్నిటికంటే నొప్పి పుట్టిన క్షణం, చివరి నిమిషాలు, ఈ రెండే మిగిలాయి. అందుకని కష్టమైన పని అయ్యీ అవగానే లేచి పరుగెత్తొద్దు. రెండు నిమిషాలు కుర్చీలోనే కూర్చుని నోరు పుక్కిలించి, చేసిందేమిటో అడిగి, తర్వాతి తేదీ చీటీ మీద రాయించుకుని లేవండి.

ఇన్ని చేసినా గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగొస్తుంటే సైకియాట్రీ ఓపీలో చూపించుకోండి. ఇలాంటి భయాలకు మెట్లు మెట్లుగా అలవాటు చేసే చికిత్స ఉంది. అయితే ముఖం వాచి జ్వరం వస్తున్నా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా పై మెట్లన్నీ పక్కనపెట్టి రాత్రయినా సరే క్యాజువాలిటీకి వెళ్ళాల్సిందే.