సప్లిమెంట్ డబ్బా సీల్ తీసే ముందు

జనవరిలో జిమ్‌లు నిండిపోతాయి. మాఘమాసం దగ్గర పడుతుంటే పెళ్ళికొడుకులు వచ్చి చేరతారు. పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే ఉస్మానియా యూనివర్సిటీ గ్రౌండ్‌లో తెల్లారకముందే 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు మొదలవుతుంది. వీళ్ళందరి ముందూ ఒక తేదీ ఉంటుంది, ఆలోగా ఒళ్ళు మారాలన్న ఆత్రం ఉంటుంది. ప్రోటీన్ పొడి లాంటి సప్లిమెంట్ల దగ్గర మోసపోయేదీ, ప్రాణం మీదికి తెచ్చుకునేదీ ఎక్కువగా ఆ ఆత్రంలోనే. అందుకే తేదీ ఇంకా దూరంగా ఉన్నప్పుడే, డబ్బు చేతిలోనే ఉన్నప్పుడే విచారించండి.

మామూలుగా జరిగేది ఇది: "అన్నా, ఏం తీసుకోమంటవ్?" అని ట్రైనర్‌ను అడుగుతారు. ఆయన ఒక పేరు చెప్తాడు. చాలాచోట్ల ఆ డబ్బా జిమ్ కౌంటర్లోనే ఉంటుంది. నిజాయితీగా, ముందు తిండి సరిచేసుకోమని చెప్పే ట్రైనర్లు ఎంతోమంది ఉన్నారు. అయినా అమ్మకంలో వాటా ఉన్న మనిషి మాట ఒక్కదాన్నే నమ్ముకుని ఒంట్లోకి ఏదీ పంపకూడదు. "మావోడు ఆర్నెల్లుగా వాడుతున్నడు, ఏం కాలే" అన్నదీ రుజువు కాదు. వాడి కాలేయం వేరు, మీ కాలేయం వేరు. పైగా వాడు కొన్న బ్యాచ్ కూడా వేరే.

మొదట తెలుసుకోవాల్సింది, చట్టం దృష్టిలో సప్లిమెంట్ మందు కాదు, ఆహారం. కొత్త మందు బజారుకు రావాలంటే మనుషుల మీద పరీక్షించి, పని చేస్తుందనీ ప్రమాదం లేదనీ చూపించాలి. సప్లిమెంట్ డబ్బాకు అంత పరీక్ష ఉండదు. మన దేశ ఆహార భద్రతా సంస్థ అయిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం లేబుల్ మీద "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" (మందుగా వాడటానికి కాదు) అని ముద్రించాల్సిందే. రోజుకు ఎంత వాడాలో, ఎంత మించకూడదో కూడా రాయాలి. కాబట్టి "షాపులో బహిరంగంగా అమ్ముతున్నారు కదా, మంచిదే అయ్యుంటుంది" అన్న ధీమా వద్దు.

ఇక డబ్బా. లేబుల్ మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఉంటే సరిపోదు, దాన్ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫాస్కాస్ వెబ్‌సైటులో కొట్టి చూడండి. అక్కడ వచ్చే కంపెనీ పేరు, డబ్బా మీద పేరు ఒకటేనా? ఆ లైసెన్సు ఇంకా చెల్లుతోందా? విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, వారి లైసెన్సు నంబరు ఉన్న స్టిక్కర్ ఉండాలి. "అమెరికా మాల్, మా బావ తెచ్చిండు" అని స్టిక్కరే లేకుండా ఇచ్చేది అసలు కొనకండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఆ నంబరు కంపెనీకి అనుమతి ఉందని చెప్తుంది, మీ చేతిలో ఉన్న ఆ డబ్బాను ఎవరో పరీక్షించారని చెప్పదు.

ప్రోటీన్ పౌడర్‌లో జరిగే మోసం ఎలా పనిచేస్తుందో తెలిస్తే లేబుల్ చదివే తీరే మారిపోతుంది. ల్యాబులో చాలావరకు ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. అందులోని నైట్రోజన్ కొలిచి, దాన్ని సాధారణంగా 6.25తో హెచ్చించి ఇంత ప్రోటీన్ ఉందని లెక్క వేస్తారు. అంటే నైట్రోజన్ ఉన్న చౌక పదార్థం ఏది కలిపినా కాగితం మీద ప్రోటీన్ పెరుగుతుంది. 2008లో చైనాలో పాలల్లో మెలమిన్ అనే రసాయనం కలిపి పసిపిల్లల కిడ్నీలు పాడుచేసింది ఈ లొసుగు వాడుకునే. పౌడర్లలో ఇదే పని గ్లైసిన్, టారిన్ లాంటి చౌక అమైనో ఆమ్లాలతో చేస్తారు. వే ప్రోటీన్ (విరిగిన పాల తేట నుంచి తీసే ప్రోటీన్) డబ్బా మీద ఇన్‌గ్రీడియెంట్లలో ఇవి విడిగా కనిపిస్తే అనుమానించండి. ఒక్కో అమైనో ఆమ్లం ఎంతుందో పట్టిక ఇవ్వని కంపెనీ కన్నా ఇచ్చే కంపెనీ మేలు. ఇది ఊహించి చెప్తున్న భయం కాదు. కేరళ వైద్యుల బృందం మన మార్కెట్లో దొరికే 36 ప్రోటీన్ పౌడర్లను పరీక్షించి 2024లో 'మెడిసిన్' అనే జర్నల్‌లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 70 శాతం వాటిలో లేబుల్ మీద రాసిన ప్రోటీన్ లెక్కకూ లోపలున్నదానికీ పొంతన లేదు. సుమారు 14 శాతంలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం, 8 శాతంలో పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి.

ఖాళీ డబ్బాల సంగతి కూడా చెప్పాలి. పేరున్న బ్రాండు డబ్బా ఖాళీ అయ్యాక అలాగే పాత సామాన్లవాడికి వేస్తే, అది నకిలీ పొడితో నిండి తిరిగి వచ్చే అవకాశం ఉంది. లేబుల్ చింపి, డబ్బాకు కన్నం పెట్టి పారేయండి. కొనేటప్పుడు మూత కింద సీల్, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి, కోడ్ ఉంటే షాపులో నిలబడే గీకి కంపెనీ సొంత సైటులో సరిచూడండి. బయట ధరలో సగానికే ఇస్తున్నారంటే ఆ తేడా డబ్బు ఎక్కడో లోపలే మిగిలించారని అర్థం.

అసలు ఎక్కువ భయపడాల్సింది ప్రోటీన్ గురించి కాదు. కసరత్తుకు ముందు ఊపు కోసం తాగే ప్రీ-వర్కౌట్, కొవ్వు కరిగిస్తుందని అమ్మే ఫ్యాట్ బర్నర్ అనే రెండు రకాల గురించి. ప్రీ-వర్కౌట్‌లో ప్రధానంగా ఉండేది కెఫీన్, ఒక్క స్కూపులోనే 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉండటం మామూలే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దంటుంది. ఒక కప్పు టీలో 30 నుంచి 65 ఉంటుంది. మన ఊళ్ళో పొద్దున ఒక ఇరానీ చాయ్, ఆఫీసులో రెండు, సాయంత్రం స్నేహితులతో ఇంకొకటి లెక్కే కాదు. దాని మీద ఒక స్కూపు పడితే హద్దు ఎప్పుడో దాటిపోయినట్టే. నీళ్ళు కలపకుండా పొడిని నేరుగా నోట్లో వేసుకునే ఫ్యాషన్ ఒకటి వచ్చింది, అది పూర్తిగా మానేయండి. ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, కెఫీన్ అంతా ఒక్కసారిగా ఎక్కి గుండె దడ తేవచ్చు. ఈ పొడుల్లో కలిపే బీటా-అలనిన్ వల్ల చర్మం చిమచిమలాడటం మాత్రం కాసేపటికి పోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

లేబుల్‌లో "ప్రొప్రయిటరీ బ్లెండ్" అని రాసి, అందులో ఏది ఎంతుందో చెప్పకపోతే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి. నా మటుకు నాకు ఇందులో సడలింపు లేదు. డీఎంఏఏ, మిథైల్‌హెక్సనమైన్, జెరేనియం ఎక్స్‌ట్రాక్ట్ అన్న పేర్లు ఎక్కడ కనిపించినా అంతే. ఆ మూడూ ఒకే పదార్థాన్ని సూచించే పేర్లు. రక్తనాళాలను బిగించి బీపీ పెంచే ఈ పదార్థం మీద అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేళ్ళ కిందటే హెచ్చరికలు ఇచ్చింది.

"ఇది హెర్బల్, ఏం కాదు" అనేవాళ్ళకు మారేడు కథ చెప్పండి. ఆక్సీఎలైట్ ప్రో అనే ఫ్యాట్ బర్నర్‌ను 2013లో కొత్త ఫార్ములాతో అమెరికాలో అమ్మారు. అందులో కొత్తగా కలిపింది ఏజెలిన్. అది మారేడు చెట్టులో ఉండే పదార్థమే. ఆ ఏడాది హవాయిలో ఆ డబ్బా వాడిన పదుల మందికి కాలేయం దెబ్బతింది. కొందరికి కాలేయ మార్పిడి అవసరమైంది, మరణం కూడా జరిగింది. మనం శివుడి తల మీద పెట్టే ఆకులో కొంచెంగా ఉన్నదాన్నే ల్యాబులో తయారుచేసి గుళికలో గుప్పించారు. గ్రీన్ టీ సంగతీ ఇంతే. కప్పులో తాగితే ఇబ్బంది లేదు గానీ, గుళికల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్య పదార్థం) తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నట్టు యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. గార్సీనియా, అశ్వగంధ గుళికలతోనూ కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇక ఆన్‌లైన్‌లో డీఎన్‌పీ పేరుతో దొరికే పసుపు పొడి విషమే. ఒంట్లో వేడి ఆగకుండా పెరిగి మనిషి చనిపోతాడు, విరుగుడు లేదు. దాన్ని 1938లోనే అమెరికా మనుషుల వాడకానికి పనికిరాదని తేల్చింది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో, ఏసీ లేని జిమ్‌లో, ఏ రకం ఫ్యాట్ బర్నర్ వేసుకుని కసరత్తు చేసినా గుండె మీద రెండింతల భారం.

మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్ గురించి విచారించాల్సిన పనే లేదు, వద్దనడమే. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చినప్పుడు రోగి బీపీ పడిపోతే ఎత్తడానికి వాడే మందు అది. దాన్ని హైదరాబాద్‌లో జిమ్‌లకు వెళ్ళే పిల్లలకు అమ్ముతూ దొరికినవాళ్ళ దగ్గర పోలీసులు, ఔషధ నియంత్రణ అధికారులు సీసాలు స్వాధీనం చేసుకున్న సందర్భాలున్నాయి. వేసుకున్న పూట అలుపు తెలియదు, అదే ప్రమాదం. "ఇక ఆపు" అని గుండె చెప్పేది అలుపుతోనే. పైగా అలవాటు పడితే వదలదు. స్టెరాయిడ్లు, వాటిలాగే కండల కోసం వాడే సార్మ్స్ అనే మందులు కూడా ఇదే కోవ. ఒళ్ళు సొంతంగా టెస్టోస్టెరాన్ తయారుచేయడం ఆపేస్తుంది, గుండె గోడ మందమవుతుంది, మగపిల్లలకు ఆడవాళ్ళలా రొమ్ములు పెరుగుతాయి, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతింటుంది. ఎవరైనా స్టెరాయిడ్ల కోర్సు గురించి "సైకిల్ మొదలుపెడదామా" అంటే ఆ జిమ్ మార్చేయండి.

ఇప్పుడు మీ ఒంటి సంగతి. బీపీ, షుగర్, థైరాయిడ్, కిడ్నీ, కాలేయ సమస్యలున్నవాళ్ళు, డిప్రెషన్‌కు మందులు వాడేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఏదీ ముట్టకూడదు. 18 ఏళ్ళలోపు పిల్లలకైతే తిండే చాలు. ఇంట్లో ఎవరైనా 50 ఏళ్ళలోపే హఠాత్తుగా గుండె ఆగి పోయారా అని అమ్మానాన్నలను అడగండి, అవునంటే ముందు ఈసీజీ. మిగతావాళ్ళు కూడా మొదలుపెట్టే ముందు బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), కాలేయ పరీక్షలు ఒకసారి చేయించుకుని ఆ కాగితం దాచుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఉంటుంది. పరీక్షకు రక్తం ఇచ్చే ముందు ఒక వారం పెద్ద బరువులు ఎత్తకండి. కండరాల్లోనూ కాలేయ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఉంటాయి కాబట్టి, కసరత్తు వల్లే అవి పెరిగి కాలేయం చెడిందేమోనని అనవసరంగా భయపెడతాయి. క్రియాటిన్ అనే సప్లిమెంట్ వాడుతున్నవాళ్ళకు కిడ్నీ బాగానే ఉన్నా క్రియాటినిన్ కొంచెం ఎక్కువ చూపించవచ్చు, ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. సప్లిమెంట్లన్నిటిలో ఎక్కువ పరిశోధన జరిగినది, ఆరోగ్యవంతులకు రోజుకు 3 నుంచి 5 గ్రాముల వరకు ఇబ్బంది లేదని తేలినది క్రియాటిన్ మోనోహైడ్రేటే. ఖరీదైన కొత్త రకాలు అక్కర్లేదు.

ఏదైనా పేరు వినగానే వీడియోల్లో వెతకొద్దు. బ్రాండు పేరు వదిలేసి, లోపలున్న పదార్థం పేరుతో వెతకండి. అమెరికా ఆరోగ్య సంస్థల లివర్‌టాక్స్ అనే ఉచిత సైటులో ఏ పదార్థంతో కాలేయానికి ఏమైందో కేసులతో సహా ఉంటుంది. పోటీల్లో ఆడేవాళ్ళు ప్రతి జనవరి 1న అమల్లోకి వచ్చే వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితా చూడాలి. "నాకు తెలియక తాగాను" అంటే డోపింగ్ కేసులో ఒప్పుకోరు. ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్, ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ అనే పరీక్షా సంస్థల ముద్రలున్నవి మెరుగు, అయితే ముద్ర డబ్బా మీద ఉంటే చాలదు. వాళ్ళ సైటులో ఆ ఉత్పత్తి ఉందో లేదో చూడాలి.

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్లే వద్దన్నాయి. ఆ మాట చాలామందికి రుచించలేదు గానీ లెక్క వేసి చూడండి. మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలు. గట్టిగా బరువులెత్తినా 1.6 దాటితే అదనపు లాభం లేదు. 65 కిలోల కుర్రాడికి ఎక్కువలో ఎక్కువ 104 గ్రాములు. నాలుగు గుడ్లతో 25, యాభై గ్రాముల సోయా చంక్స్‌తో 26, నూట యాభై గ్రాముల కోడి మాంసంతో 30 దాకా వస్తాయి. మిగతాది పప్పు, పెరుగు, అన్నం, పెసరట్టు చూసుకుంటాయి. పాతబస్తీ తాలింఖానాల్లో పహిల్వాన్లు పాలు, బాదం, మాంసంతోనే ఏళ్ళ తరబడి ఒళ్ళు పెంచారు. హాస్టల్లో వండుకునే వీలు లేనివాళ్ళు లోటు మేరకు ఒక స్కూపు వాడుకోవడంలో నాకు తప్పు కనిపించదు.

అన్నీ చూసుకుని మొదలుపెడితే ఒకసారి ఒక్కటే, సగం మోతాదుతో. రెండు డబ్బాలు కలిపి మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు. పరుగు పరీక్ష రోజునో పెళ్ళి ముందు రోజునో కొత్తది ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మూత్రం కోలా రంగులో వస్తే, కళ్ళు పచ్చబడితే, ఒళ్ళంతా దురద పుడితే ఆపేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ఛాతీ నొప్పి, ఆగని దడ, కళ్ళు తిరిగి పడిపోవడం అయితే 108కి ఫోన్. ఎక్కడికెళ్ళినా డబ్బా వెంట తీసుకెళ్ళండి, ఏం తిన్నారో డాక్టరు దగ్గర దాచకండి.

డబ్బా మీద అనుమానం ఉంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఇంజెక్షన్లు, మందులు అమ్ముతున్నట్టు కనిపిస్తే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969. ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవారెవరైనా ఫీజు కట్టి తమ సరుకును ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. మన రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలోనే ఉంది. దీనికైనా ఫిర్యాదుకైనా బిల్లు ఉండాలి కాబట్టి, బిల్లు ఇవ్వనన్న చోట కొనకండి, ఇచ్చిన బిల్లు మీద బ్యాచ్ నంబరు కూడా రాయించుకోండి.