సగం మంది మెచ్చి, సగం మంది తిట్టిన చిన్న నియో-నోయిర్ సినిమా: ఆ అభిప్రాయాలను చదవడం ఎలా?

తక్కువ ఖర్చుతో తీసిన, కాస్త వింత పోకడలున్న నియో-నోయిర్ (పాత అమెరికన్ చీకటి నేరచిత్రాల ఛాయలున్న) నేరకథా చిత్రం ఒకటి చూద్దామా వద్దా అని ప్రేక్షకుల మాటలు వెతికితే, ఒకరు పదికి తొమ్మిది వేసి ఇలాంటిది చూసి ఏళ్లయిందంటారు, ఆ పక్కనే మరొకరు పదికి రెండు వేసి అరగంటకే కట్టేశానంటారు. ఇద్దరూ చూసింది ఒకే సినిమా. తరచి చూస్తే ఇద్దరూ గమనించినవి కూడా చాలావరకు అవే సంగతులని తేలుతుంది. మెచ్చినవారు ‘నింపాదిగా బిగుసుకునే కథనం’ అన్నదాన్నే తిట్టినవారు ‘సాగదీత’ అంటారు. కాబట్టి ఇలాంటి అభిప్రాయాలను చదివేటప్పుడు తీర్పును పక్కన పెట్టి, దాని వెనక ఉన్న గమనికను పట్టుకోవడమే మొదట అలవరచుకోవలసిన పద్ధతి.

ముందుగా సగటు అంకె మీద నమ్మకం తగ్గించుకోవాలి. పది మందిలో ఐదుగురు తొమ్మిది, ఐదుగురు రెండు వేస్తే సగటు 5.5, ఐదుగురు ఆరు, ఐదుగురు ఐదు వేసినా సగటు 5.5 మాత్రమే. రెండవ సినిమా ఎవరికీ పట్టని సినిమా, మొదటిది మాత్రం మీకు ఎంతో నచ్చడమో అసలు నచ్చకపోవడమో జరగడానికి ఎక్కువ అవకాశమున్న సినిమా. ప్రేక్షకులు సినిమాలకు ఓట్లు వేసే ఐఎండీబీ వెబ్‌సైటులో ఒకటి నుంచి పది వరకు ఏ అంకెకు ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే పట్టీ ఉంటుంది. సగటు కన్నా ముందు దాన్ని చూడండి. రెండు కొసలా ఎత్తుగా, నడుమ పల్లంగా ఉంటే అభిప్రాయం నిజంగానే చీలిందని అర్థం. సమీక్షలను పోగుచేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైటు ఇచ్చే శాతం చెప్పేది మరొకటి: ఎంతమంది సమీక్షకులు మొత్తం మీద మెచ్చారన్నదే తప్ప ఎంతగా మెచ్చారన్నది కాదు. అందరూ ‘పర్వాలేదు’ అన్న సినిమాకు నూరు శాతం రావచ్చు, సగం మంది తలకెత్తుకున్న సినిమాకు యాభై మాత్రమే రావచ్చు. ఇక ఓట్లు వందలోపే ఉన్న చిన్న చిత్రానికి తొలి రోజుల్లో పడిన ‘పదికి పది’ ఓట్లలో చిత్రబృందం బంధుమిత్రులవి కూడా ఉంటాయని అనుకుంటే తప్పు లేదు.

ఆ తరువాత చూడవలసింది సినిమాను కాదు, దాన్ని అమ్మిన తీరును. 1973లో రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ‘ది లాంగ్ గుడ్‌బై’ మొదట మామూలు డిటెక్టివ్ చిత్రమన్నట్టు ప్రచారమై విడుదలైనప్పుడు ఆదరణ లేక వెనక్కు వెళ్లింది. అదే ఏడాది హాస్య పత్రికల బొమ్మల తరహాలో కొత్త పోస్టర్ వేసి మళ్లీ విడుదల చేస్తే సమీక్షకుల ఆదరణ మెరుగుపడింది. సినిమాలో ఒక్క దృశ్యమూ మారలేదు, చూడడానికి వచ్చినవారి మనసులోని లెక్క మాత్రమే మారింది. 2021లో భద్రపరచదగినవిగా ఎంచిన చిత్రాల జాబితా అయిన అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలోకి కూడా చేరిన చిత్రమది. దీనికి ఎదురు ఉదాహరణ, 2012 నాటి ‘కిల్లింగ్ దెమ్ సాఫ్ట్‌లీ’. విడుదలైన రోజే ప్రేక్షకులను అడిగి ఏ ప్లస్ నుంచి ఎఫ్ వరకు గ్రేడు ఇచ్చే సినిమాస్కోర్ సంస్థ సర్వేలో, బ్రాడ్ పిట్ నటించిన ఆ చిత్రానికి ఎఫ్ వచ్చింది. సమీక్షకులలో పలువురు మాత్రం దాన్ని మెచ్చుకున్నారు. తుపాకుల మోత కోసం వచ్చినవారికి మాటల సినిమా చూపిస్తే ఇలాగే ఉంటుంది. అందుచేత ట్రైలరును ఒకసారి చూసి, అది ఏమి ఆశ పెట్టిందో ఒక వాక్యంలో రాసుకోండి. ఆ ఆశ తీరలేదన్న కోపంతో వచ్చిన ఫిర్యాదులు, ఆ ఆశ లేకుండా కూర్చునే మీకు వర్తించవు.

ఈ కోవ స్వభావం తెలిస్తే మరికొన్ని ఫిర్యాదులు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. ‘ఫిల్మ్ నోయిర్’ అన్న పేరును 1946లో ఫ్రెంచి విమర్శకుడు నీనో ఫ్రాంక్ అమెరికన్ నేరచిత్రాలకు వాడాడు. 1940ల ఆరంభం నుంచి 1950ల చివరి వరకు వచ్చిన ఆ చిత్రాల ఛాయలను తరువాతి కాలానికి తెచ్చుకున్నదే నియో-నోయిర్. నాయకుడు తప్పు చేస్తాడు, తెలివైనవాడిననుకుని మోసపోతాడు, న్యాయం గెలుస్తుందన్న హామీ ఉండదు. కాబట్టి ‘ఇష్టపడదగిన పాత్ర ఒక్కటీ లేదు’, ‘ముగింపు అన్యాయం’ అన్నవి ఇక్కడ లోపాల కన్నా వర్ణనలే ఎక్కువ. అలాంటి ముగింపులు మీకు గిట్టవంటే ఆ రెండు మాటలు చాలు, మిగతావి చదవనక్కరలేదు.

‘అర్థం కాలేదు’ అన్న ఫిర్యాదును మాత్రం అంత తేలికగా కొట్టివేయకూడదు. కథను ముక్కలు చేసి ముందువెనకలుగా పేర్చడం ఈ తరహా చిన్న చిత్రాలకు ఇష్టమైన విద్య, అందులో పనితనమూ ఉండవచ్చు, మోసమూ ఉండవచ్చు. క్రిస్టఫర్ నోలన్ మొదటి చిత్రం ‘ఫాలోయింగ్’ (1998) సుమారు ఆరువేల డాలర్లతో, 16 ఎంఎం నలుపు తెలుపు ఫిల్ము మీద తీసిన డెబ్బై నిమిషాల సినిమా. కాలక్రమం తారుమారుగా ఉన్నా, నాయకుడి జుట్టు, దుస్తులు, ముఖం మీది దెబ్బలు చూస్తే మనం కథలో ఏ దశలో ఉన్నామో తెలుస్తూనే ఉంటుంది. అంటే గందరగోళానికి తాళంచెవి సినిమాలోనే ఉంది. మీరు అభిప్రాయాలు చదువుతున్న సినిమాకు అలాంటిది ఉందో లేదో తెలుసుకోవాలంటే తిట్టినవారిని కాదు, మెచ్చినవారిని పరీక్షించండి. ముక్కలు ఎలా అతుకుతాయో, ఏ గుర్తును బట్టి తమకు తెలిసిందో వారిలో ఒక్కరైనా చెప్పగలిగితే ఆ చిక్కుముడి ఉద్దేశపూర్వకమైనదే. అలా చెప్పకుండా ‘ఇది అర్థం కావడానికి ఒక స్థాయి కావాలి’ అని ఊరుకుంటే, ఆ మెచ్చుకోలుకు నేనైతే విలువ ఇవ్వను. తనకూ అర్థం కాలేదని ఒప్పుకోలేనివారే ఎక్కువగా ఆ మాట అంటారు.

డబ్బు లేమి గురించిన మాటలను రెండు కుప్పలుగా విడదీయాలి. సంభాషణలు వినపడకపోవడం, ఒకే సన్నివేశంలో ధ్వని ఎగుడుదిగుడుగా ఉండడం, చీకటి దృశ్యాల్లో ఎవరున్నారో కనపడకపోవడం మొదటి కుప్పలోకి వస్తాయి. వీటి గురించి ముగ్గురు నలుగురు వేరువేరుగా చెబితే, వారు ఏ పక్షమైనా సరే, నమ్మండి. రెండవ కుప్ప లేమిని యుక్తిగా మార్చుకున్న చోట్లది. 1945లో ఎడ్గర్ జి. ఉల్మర్ అతి తక్కువ ఖర్చుతో తీసిన ‘డిటూర్’లో వీధి సెట్టు లేని కొరతను దట్టమైన పొగమంచు కప్పిపుచ్చింది, ఆ మంచే నాయకుడి మనఃస్థితిలాగా కూడా కనపడుతుంది, అదే చిత్రంలో ఫిల్మును తిరగేసి వాడడం వల్ల కొన్ని కార్లు రోడ్డుకు తప్పు పక్కన పోతున్నట్టు ఉంటాయి. మొదటిది చూసి ఒకరు మురుస్తారు, రెండవది చూసి మరొకరు నవ్వుతారు, ఇద్దరి మాటా నిజమే. 1992లో అది కూడా జాతీయ రిజిస్ట్రీలో చేరింది. నటన ‘చప్పగా’ ఉందన్న మాట వచ్చినప్పుడు, అందరూ అలాగే మాట్లాడుతున్నారా, ఒకరిద్దరే తడబడుతున్నారా అన్నది వెతకండి: అందరూ అలాగే అయితే అది దర్శకుడు కావాలని పెట్టినది కావచ్చు, ఒకరిద్దరే అయితే నటులు దొరకలేదని అర్థం.

వింత పోకడల విషయంలో మాత్రం ఎవరి అభిప్రాయమూ మీకు అక్కరకు రాదు. శవం పక్కన హాస్యం, సందర్భం లేని కబుర్లు, ఈ లోకంలో ఎవరూ మాట్లాడని భాష, ఇవన్నీ మన చెవి ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు, లేదంటే లేనట్టు. రయన్ జాన్సన్ ‘బ్రిక్’ (2005)లో హైస్కూలు పిల్లలు పాతకాలపు డిటెక్టివ్ నవలల భాష మాట్లాడతారు. మొదటి పది నిమిషాల్లో దాన్ని అంగీకరించలేనివారు చివరిదాకా కూర్చున్నా అంగీకరించే అవకాశం తక్కువ. ఇలాంటి చిత్రానికి మొదటి పదిహేను నిమిషాలు మీరే చూడడం, వంద సమీక్షలు చదవడం కన్నా చవకైన పని.

చదవక తప్పదనుకుంటే మధ్యలో నాలుగు నుంచి ఏడు వరకు వేసినవారి రాతలతో మొదలుపెట్టండి. నచ్చినదీ నచ్చనిదీ రెండూ చెప్పవలసిన ఇబ్బంది వారికే ఉంటుంది. ఆపైన తొమ్మిది వేసిన ఒక రాతను, రెండు వేసిన ఒక రాతను పక్కపక్కన పెట్టుకుని, ఇద్దరూ ప్రస్తావించిన దృశ్యాలను మాత్రమే కాగితం మీద దించండి. ఆ దృశ్యాలే సినిమా గుణం. ఆ రాసిన వ్యక్తి మీకు బాగా తెలిసిన మరో రెండు చిత్రాలకు ఏమి వేశారో కూడా చూస్తే, వారి ‘ల్యాగ్’ మీ ‘ల్యాగ్’ ఒకటేనా కాదా తెలుస్తుంది. కథ చివరి మలుపు దగ్గరికి రాగానే చదవడం ఆపేయాలి. హెచ్చరిక లేకుండా గుట్టు విప్పేసేవారు రెండు పక్షాల్లోనూ ఉన్నారు.

చూశాక మీరూ రాయదలిస్తే అంకెను చివరికి వదిలేయండి. ఏమి ఆశించి కూర్చున్నారో, ఎక్కడ మీ శ్రద్ధ తెగిపోయిందో, దానికి కారణం వినపడని మాటా, నడవని కథా, లేక మీకు సరిపడని ధోరణా అన్నది ముందు రాయండి. అవతలి పక్షాన్ని అర్థం చేసుకోలేనివారనో, నచ్చినట్టు నటించేవారనో అనే వాక్యం ఏదైనా ఉంటే కొట్టేయండి, అది సినిమా గురించి ఏమీ చెప్పదు. ఒక రాత్రి గడిచాక, ముగింపు తెలిసిన కళ్లతో మొదటి పది నిమిషాలు మళ్లీ చూసి, అప్పుడు అంకె వేయండి.