పాఠం గడగడా చదువుతుంది, పలక మీద రాస్తే నోరు మెదపదు: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

రెండో తరగతి పిల్ల. వాచకం తెరిస్తే పాఠం మొత్తం ఆగకుండా చదివేస్తుంది. అదే పాఠంలో ఉన్న ‘చెరువు’ అనే మాట పలక మీద రాసి చూపిస్తే మాత్రం మన మొహంకేసి చూస్తుంది. బడులు తెరిచిన నెలరోజుల్లో ఎవరో ఒక కొత్త టీచరు నన్ను ఇదే అడుగుతారు, పిల్లకి జ్ఞాపకశక్తి తక్కువా, కళ్లు చూపించమని వాళ్లమ్మకి చెప్పాలా అని. పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడిగారా అంటే, దాదాపు అందరూ లేదనే అంటారు.

ముందు ఆ పని చేయండి. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, బొమ్మని అరచేత్తో మూసి, నాలుగో లైనులో ఒక మాట, మళ్లీ రెండో లైనులో ఒక మాట, అలా ఐదు మాటలు అడగండి. రెండు నిమిషాల పని. నాలుగైనా చెప్తే సమస్య వేరే చోట ఉంది, కింద ఒత్తుల గురించి చెప్పిన చోటికి వెళ్లండి. చెప్పలేకపోయినా, పాఠం మొదటి నుంచి లోలోపల గొణుక్కుంటూ ఆ మాట దాకా వచ్చి చెప్పినా, కారణం దొరికినట్టే. పిల్ల చదవట్లేదు, విన్నది అప్పజెప్తోంది.

నేను దీని దగ్గర ఒక ఏడాది పోగొట్టుకున్నాను. అప్పుడు ఒకటీ రెండూ తరగతులు కలిపి నా దగ్గరే ఉండేవి. నేను ఒక వాక్యం చదివితే అందరూ కలిసి అనేవాళ్లు, గది మారుమోగేది, బాగా నడుస్తోందనే అనుకున్నాను. ఒక పాప అందరికన్నా గట్టిగా చదివేది, ఎవరైనా చూడ్డానికొస్తే ఆ పాపనే లేపేదాన్ని. ఫిబ్రవరిలో ఒక రోజు పక్కన కూర్చుని తన వేలు చూశాను. వేలు మాట మాటకీ ఆగట్లేదు, గీత గీసినట్టు జారిపోతోంది. లైను చివరికి వేలు చేరేసరికి నోరు ఇంకా సగంలో ఉంది. పేజీ తిప్పకముందే అవతలి పేజీలో మొదటి వాక్యం చెప్పేసింది. ‘కుందేలు’ మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అంటే, పాఠం పేరు దగ్గర నుంచి మొదలుపెట్టింది. అప్పటికి ఏడాదిలో మిగిలింది రెండు నెలలు.

అందుకే చెప్తున్నాను, నోరు కాదు, వేలు చూడండి.

గుణింతంలోనూ ఇదే జరుగుతుంది. ‘క కా కి కీ’ రాగం తీసి చెప్పే పిల్లకి విడిగా ‘కొ’ రాసి చూపిస్తే, మళ్లీ క దగ్గర నుంచి ఎక్కాల్లా లెక్కపెట్టుకుంటూ వస్తుంది. వరస వచ్చింది, గుర్తు రాలేదు. ఏత్వానికీ ఒత్వానికీ తేడా చూడాల్సిన అవసరం ఆ పిల్లకి ఇంతవరకూ పడలేదు, రాగమే మోసుకెళ్లింది కాబట్టి.

చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అని ఉంది కదా, అక్కడ అడిగేది పిల్లలకి ముందు తెలియని పాఠ్యం. మనం వాచకంలో పాఠమే ఇచ్చి టైం చూసుకుంటే కంఠస్థం వచ్చిన పిల్ల సులువుగా దాటేస్తుంది, మన రిజిస్టరులో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు బాగుచేసే పని. పాఠంలోంచి పది మాటలు తీసి చీటీల మీద రాయండి, వరస కలిపేయండి. వాటితో పాఠంలో లేని వాక్యాలు పేర్చండి. పాఠంలో ‘కుందేలు పరుగెత్తింది’ అని ఉంటే మీరు ‘తాబేలు పరుగెత్తింది’ అని పెట్టండి. అప్పజెప్పే పిల్ల కుందేలు అనే అంటుంది, చదివే పిల్ల నవ్వుతుంది. గుణింతం వరసలో చెప్పించడం కొన్నాళ్లు ఆపి, గుర్తు ఒక్కటే మారే మాటలు పక్కపక్కన రాయండి: పాలు, పూలు, పేలు. కాలు, కీలు. వాడు, వీడు. మూడు, మాడు, మోడు. పేలు దగ్గర క్లాసంతా తల గోక్కుంటుంది, ఆ గుర్తు ఇంక మర్చిపోరు. ‘పు’, ‘వు’ మాత్రం విడిగా చూపించాలి, ఎందుకంటే ఆ కొమ్ము మిగతా అక్షరాలకి పెట్టినట్టు ఉండదు. పక్కన పెడితే ‘వ’ కాస్తా ‘మ’ లా కనిపిస్తుంది.

అందరూ కలిసి చదవడం మానేయక్కర్లేదు. చివర్లో పెట్టండి. ముందు పిల్లలు సొంతంగా వేలు పెట్టి చదువుకోవాలి, తర్వాత మీరు చదవాలి, ఆ తర్వాత అందరూ కలిసి. మీ గొంతు ముందు వినిపిస్తే వాళ్ల కళ్లకి ఇంక పనుండదు.

ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి వినడానికి టైం ఎక్కడుంది, మిగతా వాళ్లు గోల చేస్తారు అంటారు. గోలకి కారణం చాలాసార్లు ఒకటే: ఇచ్చిన పని అయిపోయాక ఏం చేయాలో వాళ్లకి తెలియదు. అందుకే పలకలు పట్టుకుని "టీచర్, అయిపోయింది" అని మీ చుట్టూ మూగుతారు. అయిపోయాక ఏం చేయాలో ముందే చెప్పాలి. పలక కిటికీ కింద పెట్టి, తాడుకి వేలాడదీసిన పుస్తకాల్లోంచి ఒకటి తీసుకుని కూర్చోవాలి, అంతే. రోజూ ప్రార్థన, హాజరు అయ్యాక ఇరవై నిమిషాలు, అదే మూల, అదే చాప, రోజుకి ఐదుగురు. మొదటి వారం పిల్లల్ని వినకండి, ఈ పద్ధతి ఒక్కటే అలవాటు చేయండి. ఆ వారం వృథా అనిపించి వదిలేసిన వాళ్లే రెండో వారంలో మళ్లీ గోల అంటారు. భోజనాలయ్యాక మాత్రం ఇది పెట్టుకోవద్దు, సగం మంది నిద్రలో ఉంటారు.

ఐదింటిలో నాలుగైనా చెప్పింది గానీ ఇంకా తడబడుతోంది అంటే, ఎక్కువగా ఒత్తుల దగ్గరే. అన్నని ‘అన’ అంటుంది, అత్తని ‘అత’ అంటుంది. గ, చ, ద లాంటి వాటి ఒత్తు ఆ అక్షరంలాగే ఉంటుంది. త, న, మ, య, ర, ల ఒత్తులు వేరే ఆకారంలో ఉంటాయి, వాటిని కొత్త అక్షరాల్లాగే నేర్పాలి. అమ్మ, అన్న, అత్త, అయ్య, చెల్లి... ఇంట్లో మాటలతోనే పని అయిపోతుంది.

తండా నుంచో గూడెం నుంచో వచ్చిన పిల్ల చక్కగా చదివి అర్థం చెప్పలేకపోతే అది చదువు సమస్య కాదు, ఆ తెలుగు మాట తనకి ఇంకా తెలియదు. బొమ్మ చూపించి మాట్లాడించండి.

బోర్డు వదిలేసి పక్కవాళ్ల పలక చూసి రాస్తుంటే కళ్లు చూపించమనండి. మాటిమాటికీ "ఆఁ?" అంటుంటే చెవులు. డిస్లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు, మాటలు చదవడంలో ఉండే ఇబ్బంది) అనే మాట మొదటి నెలలోనే ఎత్తకండి. పైన చెప్పినదంతా రోజూ ఆరు వారాలు చేసినా కదలిక లేకపోతే అప్పుడు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడ వాళ్లకి నేర్పే ఐఈఆర్‌పీ టీచరుతో మాట్లాడండి. వెళ్లేటప్పుడు ఆ పిల్ల ఏ రోజు ఏ మాటలు చదివిందో, ఎక్కడ ఆగిందో రాసుకున్న కాగితం తీసుకెళ్లండి.